దురద మాత్రలు, మందుల సంచి, మన పెద్దలు

(మన దేవాలయంలో జరిగిన పెద్దల ఆరోగ్య సదస్సులో ఆరోగ్య సేవా బృందం తరఫున చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన సభ్యుల కోరికపై ఇక్కడ ప్రచురిస్తున్నాం.)

 

పక్క హాల్లోంచి పులిహోర తాలింపు వాసన వస్తుంటే మందుల గురించి మాట్లాడటం కొంచెం కష్టమే. భోజనాలయ్యాక పెడితే ఎవరూ వినరని నిర్వాహకులు ముందే పెట్టారు. కనుక నేరుగా విషయంలోకి వస్తాం.

గుండె గురించి, షుగరు గురించి ఈ వేదిక మీద చాలాసార్లు విన్నారు. ఈసారి దురద గురించి మాట్లాడదామనుకున్నాం. దురద కూడా ఒక జబ్బేనా అని కొందరు నవ్వుతున్నారు. అర్ధరాత్రి లేచి కూర్చుని దువ్వెనతో వీపు గోక్కునే మనిషిని అడగండి, చెబుతారు. వయసు మీద పడేకొద్దీ చర్మంలో నూనె తగ్గుతుంది, పొర పలచబడుతుంది. దానికి తోడు ఇక్కడి చలికాలం, నెలల తరబడి ఆగకుండా తిరిగే హీటరు, పొగలు కక్కే వేణ్ణీళ్ళ స్నానం. ఎగ్జిమా, సోరియాసిస్ లాంటివి ముందునుంచీ ఉన్నవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. వాళ్ళకి అది ఏళ్ళ తరబడి సాగే బాధ.

ఏళ్ళ తరబడి సాగే బాధకి మాత్రలూ ఏళ్ళ తరబడి పడుతుంటాయి. మా దిగులంతా అక్కడే. దురద మనిషిని నిద్రపోనివ్వదు గానీ పడగొట్టదు. దురదకని వేసుకునే కొన్ని మాత్రలు మాత్రం పెద్దవాళ్ళని పడగొడతాయి, తికమక పెడతాయి, ఒక్కోసారి ఆసుపత్రి దాకా తీసుకెళతాయి. పైగా అది మాత్ర వల్ల అని ఇంట్లో ఎవరికీ తట్టదు. "వయసైపోయింది కదా" అని సరిపెట్టుకుంటారు.

మూడు నెలలకోసారి గుడి లైబ్రరీ గదిలో మేము బల్ల వేసుకుని కూర్చోవడం మీరు చూసే ఉంటారు. మా బృందంలో వైద్యులున్నారు, ఫార్మసిస్టులున్నారు, ఓపిగ్గా పేర్లు రాసిపెట్టే వలంటీర్లున్నారు. సభ్యులు ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకొస్తే ఒక్కొక్కటీ బయటికి తీసి చూస్తాం. అమెరికాలో దీన్ని బ్రౌన్ బ్యాగ్ రివ్యూ అంటారు, కిరాణా కొట్టు కాగితపు సంచి పేరు మీద. మన దగ్గరికి వచ్చేవి మాత్రం నగల దుకాణం గుడ్డ సంచులు, చీరల షాపు సంచులు. లోపల సగం ఇక్కడి మందులు, సగం ఇండియా నుంచి తెచ్చినవి. ఊళ్ళో మెడికల్ షాపులో పది మాత్రల షీటులోంచి నాలుగు కత్తిరించి ఇస్తారు కదా. మందు పేరు ఒక ముక్క మీద ఉండిపోతుంది, ఎక్స్‌పైరీ తేదీ ఇంకో ముక్క మీద. మా బల్ల మీదికొచ్చిన ముక్క మీద "విల్ 25" అని మాత్రం ఉంటుంది.

ఆ ముక్క అవిల్.

మన ఇళ్ళలో అవిల్ తెలియనివారుండరు. చీమ కుట్టినా అవిల్, రొయ్యలు పడకపోయినా అవిల్, ఒంటిమీద దద్దు లేస్తే అవిల్. డాక్టరు అక్కర్లేదు, పక్కింటి పిన్నిగారు చెబితే చాలు. అందులో ఉన్న మందు పేరు ఫెనిరమిన్. ఇక్కడి బెనడ్రిల్‌లో ఉన్నది డైఫెన్‌హైడ్రమిన్. మనకి బెనడ్రిల్ అంటే దగ్గు మందు, ఇక్కడివాళ్ళకి అలర్జీకీ దురదకీ వేసుకునే గులాబీ రంగు మాత్ర. జలుబు మాత్రల్లో కలిపే క్లోర్‌ఫెనిరమిన్, అటారాక్స్ పేరుతో ఇండియాలో దొరికే హైడ్రాక్సిజిన్ కూడా ఈ కుటుంబంలోవే. వీటిని మొదటి తరం యాంటీహిస్టమిన్లు అంటారు. డైఫెన్‌హైడ్రమిన్ అమెరికాలో వాడుకలోకి వచ్చింది 1946లో. ఈ సభలో చాలామంది కన్నా వయసులో పెద్దది.

ఈ మందులు చర్మం దగ్గర ఆగవు, మెదడులోకి వెళతాయి. నిద్ర పట్టేది అందుకే. అంతటితో ఊరుకోకుండా ఒంట్లో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనానికి అడ్డుపడతాయి. జ్ఞాపకానికి, పేగుల కదలికకి, మూత్రం సాఫీగా రావడానికి, నోట్లో తడికి ఆ రసాయనమే ఆధారం. ముప్పై ఏళ్ళ మనిషి ఒక అవిల్ వేసుకుంటే పొద్దున కొంచెం మత్తుగా ఉంటుంది, కాఫీ తాగితే సర్దుకుంటుంది. డెబ్బై ఐదేళ్ళ ఒంట్లో అలా కాదు. కిడ్నీ, లివరు మందుని బయటికి పంపే వేగం తగ్గిపోయి ఉంటుంది. రాత్రి వేసుకున్నది పూర్తిగా దిగకముందే మళ్ళీ రాత్రి అవుతుంది, ఇంకో మాత్ర పడుతుంది. దాంతో మలబద్ధకం, నోరెండిపోవడం, ప్రోస్టేటు పెరిగిన మగవాళ్ళకి మూత్రం బిగబట్టడం, బాత్రూముకని లేచి తూలిపడటం. అన్నిటినీ మించి, మతి తప్పడం.

ఒక ఇంట్లో జరిగిన సంగతి చెబుతాం. ఎవరో తెలియకుండా వివరాలు మార్చాం. ఆ అత్తగారికి 77 ఏళ్ళు, ఎగ్జిమా పాతదే. చలికాలం మొదలయ్యాక నాలుగు వారాల్లో మనిషి మారిపోయారు. పప్పులో ఉప్పు రెండుసార్లు వేస్తున్నారు. మనవణ్ణి కొడుకు పేరుతో పిలుస్తున్నారు. రాత్రిళ్ళు గది మూల ఎవరో నిలబడ్డారని అంటున్నారు. ఇంట్లో వాళ్ళు మతిమరుపు జబ్బు మొదలైందని నిశ్చయించుకుని, ఆవిణ్ణి ఇక ఒంటరిగా వదలకూడదని, కోడలు ఉద్యోగం మానేయాలా అనే దాకా వెళ్ళారు. మెమరీ క్లినిక్కు అపాయింటుమెంటు కూడా తీసుకున్నారు. ఈలోగా సంచి మా బల్ల దగ్గరికి వచ్చింది. దురదకి ఊరినుంచి తెచ్చుకున్న అవిల్, రాత్రికొకటి. మోకాళ్ళ నొప్పికని కొడుకు కొనిచ్చిన టైలినాల్ పి.ఎం. దద్దుర్లు ఎక్కువైన రోజున అర్జెంట్ కేర్‌లో రాసిచ్చిన హైడ్రాక్సిజిన్. టైలినాల్ పి.ఎం. నొప్పి మాత్రే కదా అంటారు మీరు. ఆ "పి.ఎం."లో ఉన్నది డైఫెన్‌హైడ్రమిన్. అంటే ఒకే కుటుంబపు మందులు మూడు, మూడు పేర్లతో, ఒకే రాత్రి. ఆవిడ డాక్టరు వాటిని ఒక క్రమంలో మాన్పించి, చర్మానికి సరైన పూత మందు రాశారు. నెల తిరిగేసరికి కోడలు చేసిన చారులో మిరియాలు తక్కువయ్యాయని చెప్పే స్థితికి వచ్చారు. అందరికీ ఇలా తిరిగొస్తుందని మేము మాటివ్వలేం. నిజంగా మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళూ ఉంటారు. కానీ ఆ ముద్ర వేసేముందు సంచి విప్పి చూడటానికి అరగంట పడుతుంది, అంతే.

ఇది మా సొంత అభిప్రాయం కాదు. 1991లో మార్క్ బీర్స్ అనే వైద్యుడు తన సహచరులతో కలిసి, నర్సింగ్ హోముల్లో ఉండే పెద్దవాళ్ళకి ఏ మందులు పనికిరావో ఒక జాబితా తయారుచేశారు. దాన్ని బీర్స్ జాబితా అనే పిలుస్తారు. ఇప్పుడు అమెరికన్ జీరియాట్రిక్స్ సొసైటీ దాన్ని సవరిస్తూ వస్తోంది. 2023లో వచ్చిన సవరణలో కూడా 65 దాటినవారు డైఫెన్‌హైడ్రమిన్, హైడ్రాక్సిజిన్, క్లోర్‌ఫెనిరమిన్ వంటివాటికి దూరంగా ఉండాలని స్పష్టంగా ఉంది. ఒక్కసారిగా తీవ్రమైన అలర్జీ వస్తే డైఫెన్‌హైడ్రమిన్ వాడటం సబబేనని మినహాయింపు కూడా అందులోనే ఉంది. ఐరోపా మందుల సంస్థ 2015లో, గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉందని, పెద్దవాళ్ళకి హైడ్రాక్సిజిన్ ఇవ్వకపోవడమే మంచిదని, తప్పకపోతే రోజుకి 50 మిల్లీగ్రాములు మించకూడదని చెప్పింది. అదే ఏడాది సియాటిల్ ప్రాంతంలో 65 దాటిన 3,434 మందిని సగటున ఏడేళ్ళకు పైగా గమనించిన అధ్యయనం వెలువడింది. ఎసిటైల్‌కోలిన్‌కి అడ్డుపడే మందులు అందరికన్నా ఎక్కువ కాలం, ఎక్కువ మోతాదులో వాడినవారికి డిమెన్షియా ముప్పు, వాడనివారి కన్నా సుమారు 54 శాతం ఎక్కువగా కనిపించింది. ఇలాంటి అధ్యయనం కారణాన్ని రుజువు చేయదు, సంబంధాన్ని చూపుతుంది. కానీ మన అమ్మ విషయంలో రుజువయ్యేదాకా ఆగుదామా?

మెదడుకి డోనెపెజిల్ మాత్ర వేసుకుంటున్నవాళ్ళు ప్రత్యేకంగా వినండి. ఆ మాత్ర పని ఎసిటైల్‌కోలిన్‌ని పెంచడం. అవిల్, బెనడ్రిల్ పని దాన్ని అడ్డుకోవడం. ఒకే బండికి రెండు ఎడ్లు, ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి.

ఇంత చేసినా ఆ మాత్ర దురద తగ్గిస్తుందా అంటే, ఎగ్జిమాలో పెద్దగా తగ్గించదు. దద్దుర్లలో హిస్టమిన్ అనే రసాయనం వల్ల దురద పుడుతుంది, అక్కడ యాంటీహిస్టమిన్ పనిచేస్తుంది. ఎగ్జిమా దురద దారి వేరు. అవిల్‌తో అది తగ్గినట్టు అనిపించేది మత్తువల్ల. దద్దుర్లకి కావాలంటే మత్తు తక్కువగా ఉండే రెండో తరం మందులున్నాయి: ఫెక్సోఫెనడిన్, లోరాటడిన్, సెట్రిజిన్. అల్లెగ్రా అని రెండు దేశాల్లోనూ దొరికేది ఫెక్సోఫెనడిన్. సెట్రిజిన్ కొంచెం మత్తిస్తుంది, కిడ్నీ బలహీనంగా ఉంటే మోతాదు తగ్గించాలి.

మరి ఎగ్జిమాకి ఏం చేయాలి? మొదట చర్మానికి తడి. గోరువెచ్చని నీళ్ళు, పొట్టి స్నానం, ఒళ్ళు అద్దుకున్న మూడు నాలుగు నిమిషాల్లో వాసన లేని చిక్కటి క్రీము. మనకి నలుగు పిండి మీద మమకారం ఎక్కువ. పండగనాడు కాస్త పెట్టుకోండి గానీ, ఎండిపోయిన చర్మాన్ని రోజూ పిండితో రుద్దితే ఉన్న నూనె కూడా పోతుంది. నూనె రాసుకుని బాత్ టబ్బులో దిగడం ఇంకా ప్రమాదం, కాలు జారుతుంది. కొబ్బరి నూనె ఇష్టమైతే స్నానం అయ్యాక రాసుకోండి.

తరువాత స్టెరాయిడ్ పూత. స్టెరాయిడ్ అనగానే భయపడి ట్యూబు పక్కన పెట్టేసి, రాత్రికి మాత్ర వేసుకునేవాళ్ళని చాలామందిని చూశాం. మా ఉద్దేశంలో ఇది తలకిందుల లెక్క. చర్మ వైద్యులు చూసి రాసిన బలం, రాసిన చోట, రాసినన్ని రోజులు పూసుకుంటే ఆ పూత ఆ మాత్ర కన్నా ఎంతో నిరపాయం. ఎంత పూయాలో కొలత కూడా ఉంది: చూపుడు వేలి కొన నుంచి మొదటి గీత దాకా పిండితే సుమారు అర గ్రాము, రెండు అరచేతులంత చోటుకి సరిపోతుంది.

భయపడాల్సింది ఎవరూ చూడకుండా వాడే ట్యూబులకి. ఇండియాలో 2018లోనే చాలా స్టెరాయిడ్ పూతల్ని చీటీ మీద మాత్రమే అమ్మాలని ప్రభుత్వం నిబంధన తెచ్చింది. అయినా బెట్నోవేట్ ట్యూబు చీటీ లేకుండా సూట్‌కేసుల్లో ప్రయాణిస్తూనే ఉంది. ఇంకొన్ని ట్యూబుల్లో బలమైన స్టెరాయిడ్, తామర మందు, యాంటీబయాటిక్ అన్నీ కలిపి ఉంటాయి. తామర మీద స్టెరాయిడ్ పూస్తే రెండు రోజులు ఎర్రదనం తగ్గుతుంది, అడుగున ఫంగస్ హాయిగా పాకుతుంది, రూపం మారిపోయి డాక్టరు కూడా గుర్తుపట్టలేని స్థితికి వస్తుంది. దక్షిణాసియాలో బాగా వ్యాపించిన, మామూలు మందుకి లొంగని ఒక రకం తామర న్యూయార్క్ నగరంలో కూడా కనిపించిందని 2023లో ఇక్కడి సి.డి.సి. ప్రకటించింది. కనుక గజ్జల్లో, నడుము దగ్గర గుండ్రంగా పాకే మచ్చ ఉంటే ఇంట్లో ఉన్న ట్యూబు పూయకుండా చూపించుకోండి. ఊరికి వెళ్ళినప్పుడు "దురద ఇంజెక్షన్" చేయించుకునేవారు కూడా అందులో ఏముందో అడిగి రాయించుకోండి. అది స్టెరాయిడ్ అయితే షుగరు వారాల తరబడి పెరగవచ్చు, మాటిమాటికీ చేయించుకుంటే ఎముకలు గుల్లబారతాయి. స్టెరాయిడ్ మాత్రలు చాలాకాలంగా వేసుకుంటున్నవారు మాత్రం అకస్మాత్తుగా మానకండి, అది ఇంకో ప్రమాదం.

సోరియాసిస్‌కి మెథోట్రెక్సేట్ వాడేవారి గురించి ఒక మాట. ఈ మాట పక్కవాళ్ళకి కూడా చెప్పండి. చర్మానికి ఆ మందు వారానికి ఒక్కసారే. రోజూ కాదు. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. నోట్లో పుళ్ళు, జ్వరం, రక్తకణాలు పడిపోవడం అన్నీ వరసగా వస్తాయి. దానితో పాటు ఫోలిక్ యాసిడ్ ఇస్తారు. ఇక్కడ తరచుగా రెండూ చిన్న పసుపు మాత్రలే! చూపు మందగించిన మనిషికి ఆ రెంటినీ ఒకే డబ్బాలో పెట్టి ఇవ్వకండి. వారం పేరు పెద్ద తెలుగు అక్షరాలతో రాసి అతికించండి, "గురువారం మాత్రమే" అని. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి బాక్ట్రిమ్ రాస్తుంటే, మెథోట్రెక్సేట్ వాడుతున్నామని ఆ డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. ఆ రెండూ కలిస్తే ప్రమాదం.

ఇప్పుడు తిరగేసి చూద్దాం. దురదకి మందు సరే, మందువల్లే దురద అయితే? షుగరుకి ఇండియాలో విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్ చాలామందికి రాస్తారు. ఈ గ్లిప్టిన్ల కుటుంబానికీ, పెద్ద వయసులో నీటి బొబ్బలు వచ్చే బుల్లస్ పెంఫిగాయిడ్ అనే జబ్బుకీ సంబంధం ఉందని, విల్డాగ్లిప్టిన్‌తో అది బలంగా కనిపించిందని తేలింది. బొబ్బలు రావడానికి వారాలు, నెలలు ముందే విపరీతమైన దురద మొదలవుతుంది. పైన చెప్పిన రెండు మందులూ అమెరికాలో ఆమోదం పొందలేదు, కనుక ఇక్కడి డాక్టరుకి ఆ పేరు తట్టకపోవచ్చు. మీరే చెప్పాలి. బి.పి. మందుల సంగతి కూడా వచ్చింది. బ్రిటన్‌లో 15 లక్షలకు పైగా పెద్దవాళ్ళ వైద్య రికార్డులు పరిశీలించి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, బి.పి. మందులు వాడేవారిలో కొత్తగా ఎగ్జిమా రావడం 29 శాతం ఎక్కువగా కనిపించింది. నీటి మాత్రలతోనూ, ఆమ్లోడిపిన్ తరగతి మందులతోనూ ఆ సంబంధం ఎక్కువ. ఇది విని రేపు పొద్దున ఎవరూ బి.పి. మాత్ర మానేయకండి! పక్షవాతం కన్నా దురద నయం. కొత్త దురద మొదలైన నెలలో ఏ కొత్త మందు మొదలైందో రాసుకుని డాక్టరు ముందు పెట్టండి, మార్చాలో లేదో వారు చూస్తారు. ఒంటిమీద ఏమీ కనిపించకుండా వారాల తరబడి ఒళ్ళంతా దురద ఉంటే కిడ్నీ, లివరు, థైరాయిడ్, రక్తం కూడా పరీక్షించాల్సి ఉంటుంది.

ఆయుర్వేదం మన సొత్తు, దాన్ని తక్కువచేసే ఉద్దేశం మాకు లేదు. కానీ 2004లో బాస్టన్ ప్రాంతపు దక్షిణాసియా దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే 14లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటివి దొరికాయి. భస్మాలు, రస ఔషధాలు వాడేవారు అవి కూడా సంచిలో వేయండి. మేము కోప్పడం.

ఇంత మందుల సంచి ఎందుకు పోగవుతుందో మాకు తెలుసు. విజిటర్ వీసా మీద ఆరు నెలలకి వచ్చిన అమ్మానాన్నలకి ట్రావెల్ ఇన్సూరెన్సు ఉంటుంది, పాత జబ్బులకి అది సాధారణంగా పైసా ఇవ్వదు. గ్రీన్ కార్డు వచ్చినా, ఇక్కడ పనిచేసిన చరిత్ర లేనివారు మెడికేర్ కొనుక్కోవాలంటే 65 నిండి ఉండాలి, ఐదేళ్ళు ఇక్కడ నివాసం కావాలి. చర్మ వైద్యుడి దగ్గరికి వెళితే ఎంత బిల్లవుతుందోనని పెద్దవాళ్ళు పిల్లలకి చెప్పరు. చెప్పకుండా అవిల్ వేసుకుంటారు. "వాడికి ఎందుకు ఖర్చు" అంటారు. ఆ మాట మా బల్ల దగ్గర ఎన్నిసార్లు విన్నామో. కొడుకులూ కోడళ్ళూ, కూతుళ్ళూ అల్లుళ్ళూ, మీరే అడగండి: "రాత్రి నిద్ర పడుతోందా, ఏం వేసుకుంటున్నారు?" అని. ఫోను చూస్తూ కాదు, పక్కన కూర్చుని.

మెడికేర్ ఉన్నవారికి ఒక మంచి మాట. ఎగ్జిమాకి మెదడుని మత్తెక్కించని కొత్త మందులు వచ్చాయి. రెండు వారాలకోసారి వేసుకునే డుపిలుమాబ్ ఇంజెక్షన్‌కి 2017లో ఆమోదం వచ్చింది. దాని ధర వింటే గుండె ఆగుతుంది, నిజమే. కానీ పార్ట్ డి కింద వచ్చే మందులకి మన జేబులోంచి పెట్టే ఖర్చుకి 2025 నుంచి ఏడాదికి పరిమితి ఉంది. ఆ ఏడాది 2,000 డాలర్లు, 2026లో 2,100. అందరికీ ఆ మందు అవసరం లేదు, కానీ ఖర్చు భయంతో అడగకుండా ఉండకండి. జాక్ ఇన్హిబిటర్లు అనే కొత్త మాత్రలు వేరు. గుండెపోటు, పక్షవాతం, రక్తం గడ్డలు, క్యాన్సరు విషయంలో వాటిపై ఎఫ్.డి.ఎ. గట్టి హెచ్చరిక ఉంది. పెద్దవాళ్ళు డాక్టరుతో కూర్చుని లాభనష్టాలు బేరీజు వేసుకున్నాకే తీసుకోవాలి.

ఇండియా నుంచి మందులు తెచ్చుకునేటప్పుడు చీటీతో సహా, అసలు పెట్టెల్లో, తొంభై రోజులకి మించకుండా తెచ్చుకోండి. షీటు కత్తిరించకుండా పూర్తిగా ఇవ్వమని షాపులో అడగండి. ఇక్కడి ఫార్మసిస్టుకి అవిల్ అంటే తెలియకపోవచ్చు, ఫెనిరమిన్ అంటే తెలుస్తుంది. కనుక బ్రాండు పేరుతో పాటు లోపలి మందు పేరు రాసుకోండి. పెద్ద ఆసుపత్రుల్లో తెలుగు దుబాసీని ఉచితంగా అడిగే హక్కు మనకుంది. పన్నెండేళ్ళ మనవడి చేత తాతగారి ప్రోస్టేటు గురించి అనువాదం చేయించడం ఇద్దరికీ ఇబ్బందే. మోతాదు తప్పి వేసుకున్నట్టు అనుమానం వస్తే పాయిజన్ కంట్రోల్ 1-800-222-1222, పగలూ రాత్రీ ఉచితం. మనిషి స్పృహలో లేకపోతే 911.

ప్రసంగం తరువాత సభలో వచ్చిన ప్రశ్నలు మూడు, మా జవాబులతో ఇస్తున్నాం.

పదేళ్ళుగా రోజూ బెనడ్రిల్ వేసుకుంటున్నాను, ఇవాళే మానేయవచ్చా అని ఒక మామయ్యగారు అడిగారు. మీ డాక్టరుతోనో ఫార్మసిస్టుతోనో మాట్లాడి మెల్లగా తగ్గించండి. ఒక్కసారిగా మానితే కొన్ని రోజులు నిద్ర పట్టదు, దురద పెరిగినట్టనిపిస్తుంది, "చూశారా, ఇది లేకపోతే బతకలేను" అని మళ్ళీ మొదలుపెడతారు. మాన్పించేముందే చర్మానికి క్రీము, పూత మందు మొదలవ్వాలి.

సెట్రిజిన్ మానితే ఒళ్ళంతా మంటెత్తినట్టు దురద వస్తోంది, నా జబ్బు ముదిరిందా అని ఒక అమ్మగారి ప్రశ్న. ఇది మంచి ప్రశ్న. సెట్రిజిన్, లీవోసెట్రిజిన్ నెలలు, ఏళ్ళు రోజూ వాడి మానేసినవారిలో కొద్దిమందికి, అంతకుముందు దురద లేనివారికి కూడా, తీవ్రమైన దురద వస్తోందని 2025 మేలో ఎఫ్.డి.ఎ. హెచ్చరించింది. ఇక్కడ జిర్టెక్, జైజల్ అనేవి ఇవే. అరుదే గానీ ఉంది. మానిన కొద్ది రోజుల్లో మొదలవుతుంది. మళ్ళీ మొదలుపెట్టి మెల్లగా తగ్గిస్తే కొందరికి సర్దుకుంది. డాక్టరుకి ఈ సంగతి చెప్పి, వారి సలహాతో చేయండి.

వేజలీన్ రోజూ రాసుకుంటున్నాను, దీపారాధనకి ఏమైనా ఇబ్బందా అని అడిగినావిడకి సభలో నవ్వులు వచ్చాయి. నవ్వాల్సిన ప్రశ్న కాదు. క్రీములు, జెల్లీలు, నూనెలు చర్మం మీద వాటంతటవి మండవు. కానీ బట్టలోకి ఇంకి ఎండితే ఆ బట్ట మామూలు బట్టకన్నా చాలా వేగంగా అంటుకుంటుంది. 2018లో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ ఈ హెచ్చరికని పారాఫిన్ ఉన్నా లేకపోయినా అన్ని రకాల చర్మపు క్రీములకీ వర్తింపజేసింది. వేడినీళ్ళతో ఉతికినా ఆ జిడ్డు పూర్తిగా పోదు. కనుక క్రీము రాసుకునే రోజువారీ నైటీ, పంచె, శాలువాలతో దీపం దగ్గరికి, స్టవ్ దగ్గరికి వెళ్ళకండి. పూజకి వేరే బట్ట ఉంచుకోండి, పమిట చెంగు దోపుకోండి. హోమం దగ్గర ముందు వరసలో కూర్చునేవారికి కూడా ఇదే మనవి. కావాలంటే వెనక వరసలో మీకోసం కుర్చీలు వేయిస్తాం.

మందుల సంచి బల్ల ఎప్పటిలాగే వచ్చే త్రైమాసికంలో లైబ్రరీ గదిలో ఉంటుంది. మాత్రలు, ట్యూబులు, చూర్ణాలు, కంటి చుక్కలు, కత్తిరించిన షీటు ముక్కలు, అన్నీ తీసుకురండి. చదువుకునే కళ్ళజోడు మరిచిపోకండి.